చాయ్ తిండి కాదన్న నా వాదన

నా కడుపులో పుండు పడిందని కంఠేశ్వర్‌లో డాక్టరమ్మ నోట్లోంచి గొట్టం వేసి చూసి చెప్పింది. పుండు చేసే క్రిమి ఏమీ లేదు, ఆమ్లం ఎక్కువగా ఊరడమే కారణమంది. అంతకుముందు ఏడాదిగా నేను మెడికల్ షాపులో తెల్లమందు సీసాలు కొనుక్కుని తాగుతూ వచ్చాను. తాగిన నిమిషానికి మంట చల్లారేది, గంటకు మళ్లీ రాజుకునేది. ఆ సీసా మానిపించి, ఆమ్లం ఊరడాన్నే తగ్గించే మాత్ర రాసింది డాక్టరమ్మ. పొద్దున పరగడుపున వేసుకోవాలి, అరగంట ఆగి టిఫిన్ తినాలి.

నాలుగు వారాలు వేసుకున్నాను. మంట తగ్గితే ఒట్టు! తగ్గకపోతే మళ్లీ గొట్టం వేస్తానని ఆమె ముందే చెప్పింది. మొదటిసారి పడ్డ అవస్థ చాలదా? బోధన్ నుంచి మా అక్కను పిలిపించుకుని, ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి డాక్టరమ్మతో తగవుకు దిగాను.

‘‘గీ గోలీ పనిచేస్తలేదు మేడం. ఇంకోటి రాయుండ్రి. నా సీసనే నయముండె.’’

‘‘పరగడుపునే వేసుకుంటున్నరా?’’

‘‘డిగ్రీ చదివిన. పరగడుపంటే ఎర్కలేదా నాకు?’’

అక్క ఊరుకుంటేనా? ‘‘లేస్తనే ఇంత పెద్ద గిలాసల చాయ్ తాగుతది మేడం. గది అయినంకనే గోలీ.’’

‘‘చాయ్ తిండెట్లయితదే? శనివారం ఒక్కపొద్దుండి నువ్వు తాగవా?’’ అన్నాను.

తప్పేముంది? మా ఇళ్లలో ఒక్కపొద్దున్నవాళ్లు పొద్దంతా అన్నం ముట్టరు కానీ నాలుగుసార్లు చాయ్ తాగుతారు. ఉపవాసం చెడిందని ఎవరూ అనరు.

డాక్టరమ్మ నవ్వింది. ‘‘దేవుడు ఒప్పుకుంటడేమో గానీ మీ కడుపు ఒప్పుకోదమ్మా. పాలు, చక్కెర పడంగనే దానికి తిండి వచ్చినట్టే. ముందు గోలీ, అరగంటకు చాయ్. అదీ చిన్న గిలాసల. మందు మార్చేది లేదు.’’

మర్నాటి నుంచి చాయ్ లేని ఆ అరగంట ఇంట్లో ఎవరూ నా జోలికి రాలేదు. వచ్చినవాళ్లు మాటలు పడ్డారు. మూడో వారానికి మంట పోయింది. నెల తిరిగాక డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, గొట్టం అక్కర్లేదంది.

‘‘గోలీ మంచిదేనక్కా’’ అన్నాను బయటికి వస్తూ.

‘‘గోలీ అప్పుడు గుడ మంచిదే ఉండె. నువ్వే సక్కగ లేవు.’’

ఆకలిగా ఉంది. చాలా రోజుల తర్వాత మంట భయం లేని ఆకలి. ఇద్దరం ఇడ్లీ తినడానికి పోయాం.