కొన లేని తోటకూర

ఆ రోజుల్లో మా నరసరావుపేట ఇళ్ళల్లో అబద్ధమాడితే కళ్ళు పోతాయని పిల్లల్ని భయపెట్టేవాళ్ళు. నేను తొమ్మిదో ఏట నెలన్నరపాటు అబద్ధాలాడాను, అయినా కళ్ళు ఇప్పటికీ బాగానే ఉన్నాయి (అద్దాలు వచ్చాయనుకోండి, అది వయసు మహిమ). ఆ అబద్ధాలు నా కోసం కాదు, రెండు తెల్ల సీమ కుందేళ్ళ కోసం. మా మేనమామ గుంటూరు నుంచి వాటిని గంపలో పెట్టి తెచ్చిన రోజున, బజారులో కిరాణా కొట్టు నడిపే మా నాన్న వాటిని ఎగాదిగా చూసి, "పాలిస్తయ్యా, కాపలా కాస్తయ్యా? ఏంది వీటివల్ల?" అన్నాడు. నేను ఏడుపు అందుకున్నాను. నా ఏడుపు వీధి చివరిదాకా వినపడేది కాబట్టి, చివరికి ఒక షరతు మీద రాజీ కుదిరింది.

అవి యుద్ధం రోజులు. కూరలు ఇళ్ళల్లోనే పండించుకోమని వ్యవసాయ ఆఫీసువాళ్ళు బళ్ళో విత్తనాల పొట్లాలు పంచితే, నా వంతుకు తోటకూర వచ్చింది. మా దొడ్లో బావి పక్కన నాలుగు చాళ్ళు తీసి, రెండు ఇంటికి, రెండు కుందేళ్ళకి అని మధ్యలో పురికొస కట్టాను. "ఇంటి చాళ్ళలో మూతి పెట్టినయ్యంటే ఆ పూటే మన కొట్టుకొచ్చే ముప్పాళ్ళ ఊరి రైతుకి ఇచ్చేస్తా. నువ్వెంత ఏడ్చినా వినను" అన్నాడు నాన్న. ఆయన భయమంతా వాళ్ళమ్మ గురించి, అంటే మా నాయనమ్మ గురించి. ఆవిడ తడిచీర కట్టుకుని తన వంట తానే చేసుకునేది. ఎంగిలి అనే మాట వింటేనే చెయ్యి కడుక్కునే మనిషి. పైగా అది కార్తీకమాసం, ఆవిడకి ఒంటిపూట భోజనం. ఆ ఒక్కపూటా కూరంటే మా తోటకూరే.

పురికొస సంగతి కుందేళ్ళకు ఎవరు చెప్పాలి? తమ వాటా నిగనిగలాడుతూ ఉండగానే, అవి ఇంటి చాళ్ళలోకి వెళ్ళి ఒక్కో ఆకు కొన రుచి చూసి వచ్చేవి. మొదటిరోజు అది చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏం చెయ్యాలో తోచక నాన్న కొట్టులో కాగితాలు కత్తిరించే కత్తెర తెచ్చి, కొరికిన మేరకు ఆకుల కొనలన్నీ అడ్డంగా కత్తిరించేశాను. పళ్ళు తగిలినంత వరకే ఎంగిలి, మిగతాది శుభ్రం అని నాకు నేనే ఒక శాస్త్రం రాసుకున్నాను. ఆ తర్వాత రోజూ పొద్దున్నే అదే పని. (అంత శ్రద్ధ చదువు మీద పెట్టి ఉంటే పంతులుగారు సంతోషించేవారు.)

"ఇదేందే, ఈ ఆకుకి కొనే లేదు?" అంది నాయనమ్మ.

"ఆఫీసోళ్ళ విత్తనం నాయనమ్మా. కొత్త రకం. ఆకు అట్టాగే వస్తది" అన్నాను.

ఆవిడ నమ్మింది. నమ్మి ఊరుకుంటే బాగుండేది. వచ్చినవాళ్ళకల్లా ఆ ఆకులు చూపించి మురిసిపోయేది. ఎదురింటి అత్త అడిగితే పొట్లంలో మిగిలిన విత్తనాలన్నీ తన చేత్తోనే ఇచ్చింది. నెల తిరిగేసరికి అత్త ఒక కట్ట తోటకూర తెచ్చి మా అరుగు మీద పడేసింది. "చూడు పిన్నీ, ఊళ్ళో అందరికీ ఉండే ఆకే! మంచి విత్తనం నువ్వు దాచుకుని, నాకు పనికిమాలింది ఇచ్చావు" అంది. ఇద్దరిదీ ఇరవై ఏళ్ళ స్నేహం. నాయనమ్మ ముఖం ఎర్రబడింది. "నాకేం ఖర్మే దాచుకోను? ఆ పొట్లంలోదే ఇచ్చా. కావాలంటే తులసికోట మీద చెయ్యేసి చెప్తా, అబద్ధమైతే నా కళ్ళు పోవాల!" అంటూ గబగబా దొడ్లోకి నడిచింది.

నోరు విప్పితే కుందేళ్ళు పోతాయి, విప్పకపోతే నాయనమ్మ కళ్ళు పోతాయి. ఆవిడ చెప్పేది నిజమేననీ, ఆవిడ కళ్ళకి వచ్చిన ముప్పేమీ లేదనీ అప్పుడు నాకు తట్టలేదు. "వద్దు నాయనమ్మా! విత్తనం మామూలుదే! కుందేళ్ళు కొరికితే నేనే కత్తిరించా!" అని అరిచేశాను.

అత్త చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో జాలికో తెలియలేదు. నాయనమ్మ నేరుగా బావి దగ్గరికి పోయి, ఆ చలిలో చేదతో నీళ్ళు తోడుకుని నెత్తిన గుమ్మరించుకుంటూనే ఉంది. పదకొండు చేదల దాకా లెక్కపెట్టి, ఆపైన ఏడుపొచ్చి మానేశాను. భోజనానికి వచ్చిన నాన్న సంగతి విని, రెండు కుందేళ్ళనీ గంపలో వేసి మూత పెట్టాడు.

"ఒరేయ్, గంప దించు" అంది నాయనమ్మ. తడిజుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి.

"నీకు ఎంగిలి పెట్టినయ్యమ్మా ఇయ్యి!"

"పెట్టినయ్యి. నెలన్నర తిన్నా. నువ్వు కొరికి పారేసిన జంతికలు తిన్నా, ఇది వదిలేసిన ముద్దలు తిన్నా. వాటి ఎంగిలి కూడా తిన్నాక ఇంకా బయటియ్యి ఎట్టా అవుతయ్యిరా? ఇంట్లో పిల్లలే. దించు."

నాన్న గంప దించాడు. కుందేళ్ళు ముక్కులు ఆడిస్తూ బయటికొచ్చి, తిన్నగా ఇంటి చాళ్ళలోకే పోయాయి. నాయనమ్మ ఆ తోటకూర మళ్ళీ ముట్టలేదు కానీ, రోజూ పొద్దున్నే నాలుగు ఆకులు తుంచి దూరం నుంచే వాటికి విసిరేది. "నేను మడిలో ఉన్నా, మీద పడమాకండి" అని వాటితో చెప్పేది కూడా.

నిజం చెప్పి కుందేళ్ళను కాపాడానని చాలా ఏళ్ళు నా పిల్లలకూ, వాళ్ళ పిల్లలకూ గొప్పగా చెప్పుకున్నాను. నేను చేసిందల్లా నియమంగా బతికే ఒక పెద్దావిడకి నెలన్నరపాటు ఎంగిలి తినిపించడం. కాపాడింది ఆవిడ, అదీ చలికి వణుకుతూ. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఆవిడ వయసు రావలసి వచ్చింది.