మల్లమ్మ పెట్టిన గడియ

దయ్యం వార్త తెచ్చిన విలేకరిని "నీ కళ్లతో చూశావా?" అని అడిగి వెనక్కి పంపేవాణ్ణి. పత్రికలో పనిచేసినన్నాళ్లూ అలాంటిది ఒక్కటీ అచ్చు కానివ్వలేదు. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అయినా ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

నా భార్య సుజాత వకీలు. అరవై దాటాక నల్లకోటు పక్కన పెట్టి కథలు మొదలుపెట్టింది.

"ఇన్నేళ్లు కోర్టులో చెప్పినయి కథలు కావా మేడం?" అని ఆమె జూనియర్ ఆటపట్టించాడు.

"అక్కడ ఫీజిచ్చినవాళ్ల కథలు చెప్పాను బాబూ" అంది.

రోజూ పొద్దున్నే తార్నాక నుంచి యూనివర్సిటీలోకి నడిచి వెళ్తాం. అక్కడ సిమెంటు బెంచీ మీద కూర్చుని, రాసిన పేజీలు పైకి చదువుతూ ఫోన్‌లో రికార్డు చేస్తుంది. సాక్షి చెప్పింది చదివి వినిపించాకే సంతకం పెట్టించే కోర్టు అలవాటు. ఇంటికొచ్చి నేను టైపు చేస్తాను. విన్నది విన్నట్టు, ఒక్క మాట కలపకుండా.

మొదటి కథ మల్లమ్మది. సీతాఫల్‌మండిలో అద్దెకుండేది. బలవంతంగా ఖాళీ చేయించారని వేసిన కేసులో, ఆమె తనంతట తనే తాళం వేసుకుని వెళ్లిపోయిందని ఇంటి యజమాని వాదించాడు. తలుపుకు బయట తాళమున్న ఫోటో చూపించాడు. మల్లమ్మ తరఫున వాదించిన సుజాత ఆ కేసు ఓడిపోయింది. కేసు వివరాలన్నీ మల్లమ్మ ఎదురింటి పెద్దమనిషే చెప్పాడు, మల్లమ్మతో సుజాత మాట్లాడింది కోర్టు వరండాలో పది నిమిషాలు. మల్లమ్మ పోయి చాలా ఏళ్లయింది. కథలో కూడా మల్లమ్మ తాళం వేసే వెళ్లిపోతుంది.

నేను టైపు చేసిన కాగితం చూసి సుజాత ఆగిపోయింది. "ఏమండీ, ఈ వాక్యం నేను రాయలేదే."

'నేను తాళమెయ్యలే బిడ్డా. లోపల గడియ పెట్టుకొని కూసున్న.'

"కథ రక్తి కట్టాలని మీరే కలిపారు కదూ?"

"నా సర్వీసులో ఎప్పుడైనా కలిపానా?"

రికార్డింగ్ మళ్లీ పెట్టాం. ఆ చోట నాలుగు సెకన్ల నిశ్శబ్దం. దూరంగా ఒక కాకి. అంతే. కానీ టైపు చేస్తున్నప్పుడు నేను విన్నాను. ముసలి గొంతు, కాస్త ఆయాసం.

వారం తిరిగి, మల్కాజ్‌గిరిలో మల్లమ్మ కూతురు యాదమ్మను పట్టుకున్నాం. ఆ వాక్యం సంగతి ఎత్తకుండా, ఆ రోజు మీ అమ్మ ఎక్కడుందని మాత్రం అడిగాను.

"ఏడికి పోతది సార్? లోపల్నే ఉండె. గడియ పెట్టుకొని కూసున్నది. ఓనరోళ్లే బయట తాళమేసి ఫోటో తీసిన్రు. అమ్మ భయానికి నోరు మెదపలే. సాయంత్రం నేనొచ్చి తాళం పగలగొట్టిన."

"మరి కోర్టులో సాక్ష్యమిచ్చినప్పుడు ఇది చెప్పలేదేం యాదమ్మా?" అని అడిగింది సుజాత.

"మీరే గద మేడం, అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు అన్నరు. గది ఎవ్వరు అడగలే."

ప్రతి సాక్షికీ సుజాత చెప్పే మాటే అది.

"ఆ లైను తీసెయ్యండి మేడం, మీ తప్పు మీరే ఒప్పుకున్నట్టయితది" అన్నాడు జూనియర్. "ఒప్పుకుంటున్నాను కాబట్టే ఉంచుతున్నా" అంది సుజాత. కథ ఆ వాక్యంతోనే అచ్చయింది.

సుజాతకే తెలియని సంగతి నా వేళ్లు ఎలా టైపు చేశాయో నాకు తెలియదు. వయసన్నారు, భ్రమన్నారు. అనుకోండి. నేను మాత్రం సవరణ వేయను.

ఇప్పుడు బెంచీ మీద పేజీ చదవడం అయ్యాక, తన వృత్తిలో ఏ సాక్షినీ అడగని మాట సుజాత అడుగుతుంది. "ఇంకేమైనా చెప్పేదుందా?"

ఫోన్‌లో రికార్డింగ్ ఆపకుండా ఇద్దరం కాసేపు కూర్చుంటాం.