అంటు కట్టిన ప్రొటీన్

కిందటి మే నెలలో ఒక ఆదివారం. మా మనవరాలు శ్రావ్య పరిశోధనకు కావలసిన చిన్న సీసా ఒకటి ఐసు పెట్టెలో కొరియర్ ద్వారా నూజివీడులోని మా ఇంటికి వచ్చింది. ఆ రోజు ల్యాబుకు సెలవు కావడంతో, మా దగ్గరే ఉన్న శ్రావ్య మా చిరునామా ఇచ్చింది. ఎన్నో నెలలు ఎదురుచూసిన సరుకు, కరిగితే పాడైపోతుంది. మా ఫ్రిజ్‌లో పైన ఐసు గడ్డకట్టే అరలో పెట్టాం. సరిగ్గా రెండూ పదికి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదన్నారు.

సీసా పట్టుకుని ఇద్దరం వీధి చివరి ఐస్‌క్రీం కొట్టుకు పరుగెత్తాం. అక్కడ జనరేటర్ ఉంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు కొట్టు సుబ్బారావు.

"మనిషి ప్రొటీన్ అంకుల్. ఒంట్లో క్యాల్షియాన్ని పట్టుకునేది," అంది శ్రావ్య.

"మనిషిదా! పిల్లలు తినే ఐస్‌క్రీముల పక్కనా? వద్దు తల్లీ!"

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ముందుకు వచ్చాను.

"ఏం సుబ్బారావూ, మీ తోటలో నాటు మామిడి మొక్కకి రసాల కొమ్మ అంటు కడితే ఏం కాస్తుంది?"

"రసాలేనండీ."

"ఇదీ అంతే. మనిషి ఒంట్లో ఈ ప్రొటీన్‌ని తయారుచేసే కిటుకుని బ్యాక్టీరియాకి అంటు కట్టారు. ఇది దాని కాపు. ఎవర్నీ కొయ్యలేదయ్యా!"

ఆయన నవ్వి సీసా కోసం చెయ్యి చాచాడు. ఫ్రీజర్ మూత మాటిమాటికీ తియ్యొద్దని గట్టిగా చెప్పి వచ్చాను.

కరెంటు వచ్చాక వెళ్తే, సుబ్బారావు ఫ్రీజర్ మూత మీద రెండు చేతులూ ఆనించి కూర్చుని ఉన్నాడు. చుట్టూ పిల్లలు గోల చేస్తున్నారు.

"మీరు తియ్యొద్దన్నారుగా పిన్నిగారూ! బేరాలన్నీ ఆపేశా."

సీసా కరగకుండా చల్లగా చేతికొచ్చింది. శ్రావ్య ఆ పిల్లలందరికీ ఐస్‌క్రీములు కొనిపెట్టింది. పరాయి బిడ్డ చదువుకు అలా కాపలా కూర్చున్న మనిషిని నేను మరిచిపోలేను.