ముప్పై మూరల జాగా

ఉదయం ఏడుంబావుకు పెద్దనాయిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తాత రాసిన కాగితం నా చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో లెక్క సరిగ్గా వేస్తే ఏ తగాదా అయినా తీరిపోతుందని నాకు గట్టి నమ్మకం. మేడ్చల్‌లో ఒక సర్వే ఆఫీసులో చేరి నెల అయింది. (ఆ నెలంతా నేను చేసింది టేపు చుట్టడమే.) అత్వెల్లిలో మా పొలం ప్లాట్లకు ఇచ్చేస్తున్నారు. తాత సమాధి అందులోనే ఉంది. బావి గట్టు నుంచి తూర్పుకు 'నా చేతితో ముప్పై మూరలు' అమ్మగూడదని ఆయన బతికుండగానే రాసిపెట్టాడు. కొనేవాళ్లు దానికి ఒప్పుకున్నారు. ముప్పై మూరలు దాటాక వాళ్ల రోడ్డు వస్తుంది. సమాధి ఎటు పడుతుందో నేను తేల్చాలి. అవ్వ, చిన్నాయిన అప్పటికే బావి దగ్గర కూర్చుని ఉన్నారు.

లైబ్రరీ పుస్తకంలోంచి పాత కొలతల పట్టిక రాసుకొచ్చాను. పన్నెండు అంగుళాలు ఒక జాన, రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. ఇరవై నాలుగు అంగుళాలంటే రెండడుగులు కాబట్టి ముప్పై మూరలు అరవై అడుగులని టేపు పరిచాను. సమాధి లోపలే పడింది. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. చిన్నాయిన బీడీ వెలిగించాడు. అప్పుడు పట్టిక కింద నేనే సన్నగా రాసుకున్న మాట కంటబడింది. పాత అంగుళం మన టేపు మీది అంగుళంలో ముప్పాతికే. అంటే మూర పద్దెనిమిది అంగుళాలు, మొత్తం నలభై అయిదు అడుగులు. సమాధి రోడ్డులోకి పోయింది. (చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆ వయసులో ఆ తెలివి లేదు.)

"గీ పోరి లెక్కకు మా నాయిన ఇందాక లోపలుండె, గిప్పుడు బయటికొచ్చె. ఇంకో బుక్కు జూస్తే బావిల పడతడు" అన్నాడు పెద్దనాయిన.

అవ్వ మాత్రం నవ్వలేదు. "మూర అంటివి గదా, ఎవల మూర బిడ్డా?"

"మూరంటే మూరే అవ్వా. బుక్కుల ఉన్నది."

"బుక్కుల మీ తాత చెయ్యున్నదా?"

కాగితం మళ్లీ చూశాను. 'నా చేతితో' అని ఉంది. పల్లెటూరి రాతలో అదొక అలవాటు మాట అనుకుని, అడుగుల్లోకి మార్చేటప్పుడు వదిలేశాను. తాత ఆరడుగుల పైన మనిషి. పెద్దనాయిన "ఆయన అంగీలు చిన్నోనికే సరిపోతుండె. నాకు చేతులు మడిచేది" అన్నాడు. అమ్మకానికి తొందరపడుతున్నవాడు ఆయనే. అందుకే ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

చిన్నాయిన బీడీ పారేసి, మోకాళ్ల మీద వంగి, మోచేయి నేలకానించి మూరలు వేయసాగాడు. అవ్వ పైకి లెక్కపెట్టింది. పెద్దనాయిన లోపల లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిదో మూరకు చిన్నాయిన నడిమివేలు సమాధి అవతలి అంచును తాకింది.

"ఇంకో మూర మిగిలింది. గది నాది" అంది అవ్వ.

"మూరెడు జాగల ఎట్ల పడ్తవే అమ్మా? ఇటు బావి దిక్కు మస్తు జాగున్నది గదా" అన్నాడు పెద్దనాయిన.

"నాకు గా దిక్కే అలవాటు. పక్కకు తిరిగి పండుకుంట."

నేను టేపు పట్టి చూశాను. చిన్నాయిన మూర ఇరవై ఒక్క అంగుళాలు. నా పట్టికలో అలాంటి మూర లేదు. నోట్‌బుక్కు మూసేశాను.

పోయిన నెల అవ్వ చనిపోయింది. మిగిలిన మూరెడు ఎవరికీ సరిపోదు కాబట్టి ఆమెను బావి వైపే పెట్టాం. గుంత తవ్వినాయన ఎన్ని అడుగులని అడిగాడు. చెప్పాను. ఇప్పుడు శామీర్‌పేటలో మూడుకాళ్ల యంత్రం వెనక నిలబడి హద్దులు చూపిస్తుంటాను. తాతను ఒకే పొద్దున రెండు చోట్లకు మార్చిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త ముద్దుగా కూడా ఉంటుంది. అత్వెల్లిలో ఇప్పుడు భూమిని ఎవరూ చేత్తో కొలవడం లేదు.