మేనత్త పడవ, మా అమ్మ చపాతీ పీట

నా చిన్నప్పుడు మా మేనత్త పడవ ముక్కు ఎప్పుడూ ఆకాశంలోనే ఉండేది. మోటారు వేగం అందుకోగానే వెనక భాగం ఎండాకాలపు గేదెలా నీళ్ళలో చతికిలబడేది, ముందు భాగం లేచి మేఘాలను వాసన చూసేది. ముందు బల్ల మీద కూర్చునే నేను ఇంచుమించు రెండో అంతస్తులో ఉన్నట్టు లెక్క. ఈరీ సరస్సు అవతలి గట్టున అమెరికావాళ్ళు ఏ రంగు దుప్పట్లు ఆరేశారో కూడా నాకు కనిపించేదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను.

అదొక పద్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ. వెనక చెక్కకు తగిలించి మరలతో బిగించే చిన్న మోటారు. మేనత్త కెనడాలో మా ఒంటారియో లండన్‌లో హాస్పిటల్ నర్సు. వేసవిలో సెలవు దొరికిన ప్రతి శనివారం పెర్చ్ చేపలకోసం మమ్మల్ని వేసుకుని సరస్సుకు బయలుదేరేది. మా తాతయ్య బందరు దగ్గర సముద్రపు ఒడ్డున పడవల మోటార్లు బాగుచేసేవాడట. కూతురి చేత పానాలు, స్క్రూడ్రైవర్లు అందించుకునేవాడు కానీ, ఒక్కనాడూ పడవ ఎక్కనివ్వలేదట. ఆ కసి అంతా ఆవిడ ఈ దేశంలో తీర్చుకుంటోంది.

ఒక జూన్ మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచింది. మిగతా పడవలన్నీ నీళ్ళమీద రాయి విసిరినట్టు దూసుకుపోయి ఒడ్డు చేరాయి. మా పడవ మాత్రం సరస్సును దున్నుకుంటూ గంటన్నర ప్రయాణించింది. వెనకనుంచి అలలు లోపలికి వచ్చాయి. నేను పులిహోర డబ్బాతో నీళ్ళు తోడాను. ఆ రోజు నేను తోడిన నీళ్ళతో ఒక చిన్న ఊరికి ఏడాది సరిపోయేది. ఒడ్డున కాలు పెట్టగానే మా నాన్న తేల్చేశాడు. వచ్చే శనివారం నలుగురిని ఎక్కించుకుని పడవ నీళ్ళపైకి లేచి పరుగెత్తాలి. లేకపోతే పడవ అమ్మేయాలి. పడవను లాగే కారు నాన్నది. ఆయన రానంటే పడవ ఇంటి పెరడు దాటదు. అందుకని నాన్నకు అక్కయ్య అయినా మేనత్త ఒప్పుకోక తప్పలేదు.

పడవలు నిలిపే మెరీనాలో మెకానిక్ మోటారు వైపు చూడనైనా చూడకుండా, దీనికి రెండింతలుండే మోటారు కొనుక్కోమన్నాడు. మేనత్త థాంక్యూ చెప్పి, కారెక్కాక పళ్ళు నూరింది.

మర్నాడు పెరట్లో ఆవిడ ఒక పొడుగాటి బద్దను పడవ అడుగుకు ఆనించి మోటారు దాకా చాపింది. ప్రొపెల్లర్‌కి కాస్త పైన ఒక బల్లపరుపు రేకు ఉంటుంది. అది పడవ అడుగుతో సమానంగా ఉండాలట. మాది రెండు వేళ్ళు కిందికి దిగి ఉంది. అంటే ఇన్నాళ్ళూ ఆ మోటారు పడవను తోస్తూ, తన కాలితో తానే నీళ్ళను అడ్డుకుంటోంది. దాన్ని పైకెత్తడానికి గట్టి చెక్క కావాలి. ఇల్లంతా వెతికితే దొరికింది ఒకటే, మా అమ్మ ఇండియానుంచి మోసుకొచ్చిన టేకు చపాతీ పీట. అమ్మ డ్యూటీలో ఉంది. నేను ఒక కొస పట్టుకున్నాను, మేనత్త రంపం అందుకుంది.

రెండు ముక్కలు పేర్చి, వాటిమీద మోటారును బిగించి నీళ్ళలో దింపాం. ఎత్తు మరీ ఎక్కువైంది. ప్రొపెల్లర్ నీళ్ళకు బదులు గాలి మింగి, పెళ్ళిలో అలిగిన బంధువులా అరిచింది, పడవ కదల్లేదు. రేవులో ఉన్నవాళ్ళు నవ్వారు. మేనత్త ఒక ముక్క తీసేసింది. మోటారు వంపును పట్టి ఉంచే పిన్నును ఒక రంధ్రం పడవ వైపుకు జరిపింది, అప్పుడు తోపు పడవ ముక్కును కిందికి నొక్కుతుందని. ఈసారి మేమిద్దరం ఎక్కితే పడవ చక్కగా లేచి పరుగెత్తింది. ఇక గెలిచేశామనుకున్నాను.

మా నాన్న తెలివి నాకప్పటికి పూర్తిగా తెలియదు. శనివారం నాలుగో మనిషిగా ఆయన మా తెలుగు చర్చి సంఘపెద్దను వెంటపెట్టుకొచ్చాడు. ఆ పెద్దాయన కుర్చీలోంచి లేస్తే కుర్చీ ఊపిరి పీల్చుకునేది. వెనక బల్లకు కుదుపు తక్కువ, మెత్త కూడా అక్కడే ఉంది. కాబట్టి పెద్దవాళ్ళను అక్కడే కూర్చోబెట్టడం మా మర్యాద. ఆయన పక్కన నాన్న. వడ్డన పెద్దాయనతోనే మొదలవ్వాలి గనక పులిహోర గిన్నె, ఐసు నింపిన కూలరు పెట్టె ఆయన కాళ్ళ దగ్గర. పెట్రోలు ట్యాంకు వాటి పక్కన. మోటారు పట్టుకుని మేనత్త. ముందు బల్ల మీద పదేళ్ళ నేను, ఎండిన కట్టెపుల్లలా.

బయలుదేరాం. పడవ మళ్ళీ చతికిలబడింది. నాన్న మొహంలో నవ్వు దాగలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేనత్త మోటారు వేగం తగ్గించి, వెనక పోగైన బరువునంతా ఒకసారి చూసింది.

"అంకుల్, మీరు ముందు బల్ల మీదికి వెళ్ళండి."

ఆయనను చర్చిలో పక్కకు జరగమన్నవాళ్ళు కూడా లేరు. నాన్న "అక్కా" అని గొణిగాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అన్నాడు సంఘపెద్ద.

"మీతోనేనండి. ఈ పడవకి మర్యాద తెలీదు, బరువే తెలుసు."

ఆయన మొహం ఎర్రబడింది. అయినా ఆవిడ చూపు దించలేదు. చివరికి ఆయనే లేచి, బల్లలు పట్టుకుంటూ ముందుకు వెళ్ళి కూర్చున్నాడు. ట్యాంకును పైపు సాగినంత దూరం జరిపాం. పులిహోర నా ఒళ్ళోకి, నేను నడిమి బల్లకు. మేనత్త మోటారు వేగం పూర్తిగా పెంచింది. ముక్కు దిగింది, అడుగు లేచింది. సరస్సు మా కింద తారురోడ్డయిపోయింది. ప్రతి అలకూ సంఘపెద్ద గారు గాల్లోకి లేచి "ప్రభువా" అంటూ దిగేవారు. అంత ప్రార్థన ఆయన చర్చిలో చేయగా నేను చూడలేదు.

పడవ మాకే మిగిలింది. సంఘపెద్ద రెండు నెలలు మేనత్తతో మాట్లాడలేదు, ఆవిడ పంపిన చేపల పులుసు మాత్రం తిరిగి పంపలేదు. పీట సంగతి తెలిశాక మా అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను.

ఇప్పుడు నాకు నడివయసు. ఏ పని కదలకపోయినా చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా పెద్ద మోటారు తెమ్మంటారు. నేను మాత్రం మెత్త వేసిన బల్ల మీద ఎవరు బరువుగా కూర్చున్నారో చూస్తాను. చూసి ఊరుకోను, ముందుకు జరగమంటాను. దీనివల్ల ఇప్పటికి రెండు కమిటీలనుంచి నన్ను తీసేశారు. మూడోదాంట్లో రేపు మీటింగుంది. రేపూ ఆ మాటే అంటాను, చివర 'అండి' చేర్చి.