మగ్గం ఆగితే ఆగిపోయిన పాఠం

నా చిన్నప్పుడు మా ఇంట్లో చదువంటే అరవడమే. ఇప్పుడు మా మనవడు చెవుల్లో ఆ తీగలేవో దోపుకుని, పాటలు వింటూ, పుస్తకం ముందేసుకుని తల ఊపుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తీసేయరా అంటే "పాట లేకపోతే బుర్రకెక్కదవ్వా" అంటాడు. ఎక్కదట! రేపు పరీక్ష హాల్లో ఎవరు పెడతారురా నీకు పాట అని అడిగితే పళ్ళికిలిస్తాడు. వాడి వయసులో నేను ఇంతకంటే పెద్ద చప్పుడు పెట్టుకుని చదివి, నిండా మునిగినదాన్నని వాడికేం తెలుసు?

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో నేలలోకి గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం ఉండేది. నాయన పొద్దున్నే కూర్చుంటే దీపాలు పెట్టేదాకా దాని చప్పుడు ఆగేది కాదు. నేను చదువుకోవడానికి ఆ గది తప్ప వేరే చోటు లేదు. మగ్గాన్ని మించి అరవకపోతే నా మాట నాకే వినబడేది కాదు. అలా అరిచీ అరిచీ, నాకు తెలియకుండానే దాని దెబ్బకు మాట కలిపేదాన్ని. ఒక దెబ్బకు "నైరుతి", ఒక దెబ్బకు "ఋతుపవనములు", ఇంకో దెబ్బకు "అరేబియా", మరో దెబ్బకు "సముద్రము". పాఠమంతా గడగడా వచ్చేసేది. మా వీధిలో నేతగాళ్ళ పిల్లలందరిదీ ఇదే చదువు. నాయన మురిసిపోయి, చీరలకు వచ్చిన షావుకారుతో "మా పాప నోరు తెరిస్తే పుస్తకమంతా వస్తాదప్పా" అని చెప్పుకునేవాడు.

ఎనిమిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలొచ్చాయి. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. మన జిల్లాలో వానలు ఎందుకు తక్కువని అడిగారు. నాకు రాని పాఠమా అది! "నైరుతి ఋతుపవనములు" అని రాశాను. అంతే, తర్వాతి మాట రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు. చివరికి వేలితో బల్ల మీద టక్కు టక్కుమని కొట్టి చూశాను. "అరేబియా" వచ్చింది. ఇంకో రెండు దెబ్బలు వేసేలోపు అయ్యవారు వచ్చి, "ఏమ్మే, తబలా వాయిస్తాండావా?" అని చెవి మెలేశారు.

పరీక్ష తప్పాను. నాయన కొట్టలేదు, తిట్టలేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది. ఓ మనిషిని పిలిపించి ముందు గదిలో ఇంకో మూల రెండో మగ్గానికి గుంట తవ్వించాడు. "పెద్ద పరీక్ష గూడా ఇట్లే అయితే ఇంక బడి చాలు పాపా. ఈడ కూర్చుందువు" అన్నాడు. నాకు మగ్గం మీద ద్వేషమేమీ లేదు. బడి మానడం మాత్రం నా వల్ల కాదు. ఆ గుంట వైపు చూసినప్పుడల్లా ఏడుపు ముంచుకొచ్చేది. మరి నేను చేసిందేమిటి? అరుపు ఇంకా పెంచాను. ఎంత తెలివో చూడండి!

నాయన తల్లి, మా అవ్వ, అదే గదిలో రాట్నం దగ్గర కండెలకు పట్టు చుడుతూ ఉండేది. ఒకరోజు నాయనకు పోగు తెగింది. ముడి వేసుకోవడానికి మగ్గం ఆపాడు. నా నోరూ ఆగిపోయింది. మగ్గం మళ్ళీ కదలగానే నేనూ ఆగిన మాట దగ్గర్నుంచే అందుకున్నాను. అవ్వ రాట్నం ఆపి నా వైపు చూసింది. "ఏమ్మే, చదివేది నువ్వా, మగ్గమా?" అంది. నాయన కూడా తిరిగి చూశాడు.

మర్నాటి నుంచి మొదలయ్యాయి నా పాట్లు. బడి నుంచి రాగానే అవ్వ పెరట్లోకి పిలిచేది. పుస్తకం లోపలే పెట్టి రావాలి. తను చెనక్కాయలు ఒలుస్తూ, ఏం చదివినావో చెప్పమనేది. చెప్పింది విని ఊరుకోవచ్చు కదా! "గాలికి నీళ్ళు యాడియి మే?" అనేది. "కొండ అడ్డమొస్తే వాన ఆ పక్కనే కురుస్తాదా? మరి మన రొద్దం, మన ముదిగుబ్బ ఏం పాపం చేసినాయి?" అనేది. దేవుడా! ఈ ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ లేవు. లోపలికి పరుగెత్తి, పాఠం తిరగేసి, మళ్ళీ వచ్చి చెప్పేదాన్ని. పుస్తకం మాటల్లో చెబితే తలకాయ అడ్డంగా ఊపి, మనం మాట్లాడుకునేట్టు చెప్పమనేది. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, రెండు రోజులు పోయాక "ఆ గాలి సంగతేందో చెప్పినావే, మర్చిపోయినా, మళ్ళా చెప్పు" అనేది. చచ్చీచెడీ చెబితే, ఇంకో వారానికి మళ్ళీ మర్చిపోయేది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ఒకరోజు తట్టుకోలేక, "నీకు చెప్పేదానికంటే ఆ గుంటలో కూర్చునేదే మేలవ్వా" అని భోరుమన్నాను. అవ్వ చలించలేదు. "కూర్చుందువులే. ముందు వాన యాడికి పోయిందో చెప్పి పో" అంది.

పెద్ద పరీక్ష రోజు హాల్లో మళ్ళీ అదే నిశ్శబ్దం. మళ్ళీ ఆ ఋతుపవనాల ప్రశ్నే. మగ్గం కోసం చెవులు వెతుక్కున్నాయి. అది వినబడలేదు కానీ, "వాన యాడికి పోయింది మే?" అని అవ్వ గొంతు వినబడింది. ఇక్కడికీ వచ్చిందా ముసల్ది అని నాకు ఎక్కడలేని చిరాకు పుట్టింది. ఆ చిరాకులోనే, ఎదురుగా అవ్వ కూర్చున్నట్టు, అన్నీ విడమరిచి రాసేశాను. కాగితం చాలక ఇంకొకటి అడిగాను.

పాసయ్యాను. నాయన ఎవరినీ పిలవకుండా తనే ఆ గుంట పూడ్చాడు. మన్ను దిమ్మిసతో కొట్టి, చేతులు దులుపుకుంటూ, "ఈడ కూర్చోని చదువుకో పాపా. నువ్వు చదివేటప్పుడు కాసేపు మగ్గం ఆపుతాలే" అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవ్వ దాని మీద పేడతో అలికి ముగ్గేసింది.

ఆ సాయంత్రం బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి వెళ్తే అవ్వ అక్కడ ఆడవాళ్ళందరినీ పోగేసుకుని ఉంది. సముద్రం మీద గాలి నీళ్ళెట్లా మోసుకొస్తుందో, కొండలకు తగిలి ఆ పక్కనే ఎట్లా కురిసిపోతుందో, మన సీమకొచ్చేసరికి ఎందుకు ఎండుతుందో ఒక్క ముక్క పొల్లుపోకుండా చెబుతోంది. నేను చెప్పిన మాటల్లోనే! నాకు మండిపోయింది. "అంతా గుర్తుపెట్టుకోనే నన్ను అంత సతాయించినావా?" అని అందరి ముందే అరిచాను. అవ్వ బోసినోటితో నవ్వింది. "నేను మర్చిపోతేనే కదా మే, నీకు గుర్తుండేది" అంది.

నిన్న మనవడి చెవుల్లోంచి ఆ తీగలు లాగేసి, పుస్తకం మూసి, పక్కన కూర్చోబెట్టుకున్నాను. కరెంటు పాఠమట. తీగలో కరెంటు యాడ్నుంచి వస్తాది, యాడికి పోతాది అని అడిగాను. విసుక్కుంటూనే చెప్పాడు, నాలుగుసార్లు పుస్తకం తెరిచి చూసి మరీ చెప్పాడు. ఈ పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ అడిగాను. "నిన్ననే కదవ్వా చెప్పినా!" అని తల పట్టుకున్నాడు. వాడు చెప్పింది మొదటి నుంచి చివరిదాకా నాకు గుర్తుంది.

"మర్చిపోయినా నాయనా" అన్నాను. "మళ్ళా చెప్పు."