మంట తిరిగి ఇచ్చేది

నా చిన్నప్పుడు మా వీధి భోగిమంటకు మా తాతయ్యే వకీలు. మనసారా నమ్మి పాతదాన్ని మంటకిస్తే అగ్నిదేవుడు కొత్తది పంపుతాడని ఆయన వాదన. పాత చెప్పులు వేస్తే తనకు కొత్తవి వచ్చాయనీ, పిలక కూడా వేద్దామనుకుంటే ఊడిరాలేదనీ చెప్పి అందరినీ నవ్వించేవాడు. మాటలతో ఊరుకోలేదు. ఒక ఏడు నేను విరిగిన పలక చట్రాన్ని మంటలో వేస్తే, మర్నాడు తెల్లవారేసరికి మా గుమ్మంలో కొత్త పలక ఉంది. ఆయనే కొని పెట్టాడని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు.

ఇదంతా ఈ జూలైలో, సిడ్నీ దగ్గరి పారమట్టాలో, ఒక నవల చదువుతుంటే మళ్లీ పైకి వచ్చింది. నా మనవరాలు బడి లైబ్రరీ నుంచి తెచ్చిన హాస్య నవల అది. నడి చలికాలంలో ఇంటింటి పొయ్యిలో నిప్పు వేసిపోయే ఒక మాయల ముసలమ్మ కథ. జనంలో నమ్మకం తగ్గేకొద్దీ ఆవిడ పొట్టిదైపోతుంది. చివరికి పిల్లి మీదెక్కి తిరుగుతుంది. ఆ పిల్లికేమో ఆవిడ ఉందన్న నమ్మకమే లేదు. ఇక్కడ క్రిస్మస్‌కు ఎండ మాడ్చేస్తుంది కాబట్టి ఇలాంటి కథలకు జూలైయే తగిన కాలం. హీటర్ ముందు ఒకే దుప్పటి కప్పుకుని ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులో వస్తుంది. చివరి పేజీ అయ్యాక అడిగింది.

"అమ్మమ్మా, ఇఫ్ యు రియల్లీ బిలీవ్, ఇట్ వర్క్స్, రైట్?"

నవలలో పనిచేస్తుందన్నాను. 

చిన్నప్పుడు మా పక్కింట్లో ఉండే అక్కకు పసితనంలోనే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. చంకకర్ర లేకుండా గడప దాటలేకపోయేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. దేన్నీ తొందరపడి నమ్మే మనిషి కాదు. తాతయ్య కబుర్లకు అందరూ పగలబడి నవ్వుతుంటే తను నవ్వేది కాదు, వినేది. నా కొత్త పలకను అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరైనా కొన్నారేమోనని గుచ్చి గుచ్చి అడిగింది. ఎవరూ కొనలేదని ఒట్టు పెట్టాను. నాకు తెలిసిన నిజం అదే.

మరుసటి ఏడు భోగి తెల్లవారుజామున పిల్లలం మంటలో పిడకల దండలు వేస్తున్నాం. తాతయ్య పిలక కథ ఎత్తుకున్నాడు. మా అరుగు అంచున కూర్చున్న అక్క చంకకర్రను మంటలోకి విసిరింది. ఎవరో లాగబోయారు గాని అప్పటికే అంటుకుంది. కర్ర అడుగున ఉన్న రబ్బరు కాలి వీధంతా కమురు వాసన వేసింది. అక్క అరుగు స్తంభం పట్టుకుని లేచి నిలబడి తాతయ్య వైపు తిరిగింది.

"తాతయ్యగారూ, కాలు ఇవాళే వచ్చేస్తుందా, రేపటికా?"

మాటలతో వీధినంతా ఆడించే మనిషి గొంతు తగ్గించి అన్నాడు.

"కర్రేనమ్మా వచ్చేది."

"కర్ర నాకు ఉండేదిగా."

వాళ్ల నాన్న వచ్చి ఆమెను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు. పండగ వెళ్లేదాకా వడ్రంగి దొరకలేదు. అన్ని రోజులూ అక్క ఇంట్లో చేతుల మీద దేకుతూ తిరిగింది. కొత్త కర్ర తయారయ్యాక తాతయ్య దాన్ని గుమ్మంలో దాచిపెట్టలేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా మోసుకెళ్లి ఆమె చేతికిచ్చాడు. అక్క దాన్ని చంకలో పెట్టుకుని, ఎత్తు సరిపోయిందని మాత్రం అంది. ఆ తర్వాత ఏ భోగికీ బయటకు రాలేదు. తాతయ్య ఆ కథ మళ్లీ చెప్పలేదు.

తాతయ్య చెడ్డవాడు కాదు. పిల్లలు సంబరపడాలని పలక కొనిపెట్టినవాడు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోలేక, క్షమించనూ లేక ఇంత వయసు గడిపాను. పత్రికలో పనిచేసిన రోజుల్లో మహిమల వార్తలు చాలానే నా బల్ల మీదికి వచ్చేవి. వేదిక మీద మనిషి ఏమన్నాడో, ఎంతమంది చప్పట్లు కొట్టారో వాటిలో ఉండేది. నేను వెతికేది చప్పట్లు కొట్టకుండా విన్నవాళ్ల కోసం. వాళ్ల చేతిలో ఏముంది? దాన్ని వదిలేశాక దేన్ని పట్టుకుని నిలబడతారు? ఇప్పటికీ ఎవరి మాటకో గదంతా నవ్వుతున్నప్పుడు, నవ్వని ముఖం ఒక్కటి కనబడితే చాలు, నా నవ్వు అక్కడే ఆగిపోతుంది.